ముంపు ఉందని రాసిన మావయ్య

మావయ్య పోయాడని మొన్న పొద్దున్న అత్తయ్య ఫోన్ చేసింది. టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. ఏడుపు కంటే ముందు నాకు భయమేసింది. ఎందుకో చెబుతాను.

ఆయన శ్రీకాకుళంలో బ్యాంకుల తరఫున ఇళ్లు చూసి విలువ కట్టే ఇంజినీరు. ఆ రిపోర్టులో ‘వరద ముంపు ఉందా?’ అని ఒక గడి ఉంటుంది. చాలామంది కారు దిగకుండానే ‘లేదు’ అని నింపేసే గడి. మావయ్య దానికోసమే వీధంతా తిరిగేవాడు. అమ్మేవాడి గోడ వైపు చూసేవాడే కాదు. “ఆడు నిన్ననే సున్నం కొట్టించుంటాడ్రా. పక్కోడి గోడ సూడాల” అనేవాడు. పక్కింటి పెరట్లోకి వెళ్లి, గోడ మీది బురద చారకి అరచెయ్యి ఆనించి, గిన్నెలు తోముకునే ఆవిణ్ని అడిగేవాడు: “ఏటమ్మా, నీరొచ్చినప్పుడు బియ్యం ఎక్కడ పెట్టుకున్నావు?” అటకెక్కించామంటే ఆ మాటా రాసేవాడు. “ఏ ఏడాదో మర్సిపోతారు గానీ, బియ్యం ఎక్కడ పెట్టారో ఎవులూ మర్సిపోరు.”

అలా రాస్తే లేఅవుట్ల వాళ్లు ఊరుకుంటారా? ఒకసారి ఇద్దరొచ్చి, అత్తయ్య ఇచ్చిన కాఫీ తాగి మరీ బెదిరించి వెళ్లారు. భయం లేదా అని అడిగాను. “ఎందుకుండదురా? భయపడ్డం రానోడు ఇళ్లకి విలువ కట్టకూడదు.”

నా చెల్లెలు నాగావళి పక్కన ఇల్లు చూసుకుంది. అదే వరసలో ఇంకో ఇంటికి ముంపు ఉందని మావయ్య రాయడంతో చెల్లెలి అప్పూ ఆగింది. వెళ్లి మీద పడింది: “ఏటి మావయ్యా, సొంత మేనకోడలు కొంటన్నాదని తెలిసీ అలా రాసీసేవా?”

“ఏరుకి తెలుస్తాదేటే, నువ్వు నా మేనకోడలివని?”

వేరే బ్యాంకు, వేరే ఇంజినీరు. ‘లేదు’ అని రాశాడు. ఇల్లు వచ్చింది. గృహప్రవేశానికి మావయ్య వచ్చాడు, భోంచేశాడు, మేడ మెట్లు ఎక్కి చూసి, “పై తలుపుకి తాళం ఎయ్యకండే. ఏరు గుమ్మంలోంచి రాదు, ముందు నీళ్లు పోయే కన్నాల్లోంచే వస్తాది” అని మాత్రం చెప్పి వెళ్లాడు.

వరదొస్తే ప్రకృతి ప్రకోపం అంటారు. ఏం ప్రకోపమండీ? ఏరు తన దారినే పోతోంది. దాని దారిలో గ్రావెల్ పోసి గజాల లెక్కన అమ్మినవాడిదీ, ముంపు లేదని సంతకం పెట్టినవాడిదీ తప్పు కాదా? పులిహోర పొట్లాలు పంచి ఫోటోలు దిగే పెద్దలు, ఆ గడి ఎవడు నింపాడని ఒక్కసారైనా అడిగారా? అడగరు. అడిగే మనిషి ఇప్పుడు మా ఇంట్లోనూ లేడు. నా భయం అదే.

మావయ్యని సాగనంపిన దగ్గర్నుంచి ఇక్కడ చినుకు లేదు, ఎండ. పైన ఒడిశా కొండల్లో మాత్రం వాన వదల్లేదు. మా ఏర్లకి నీళ్లు దిగేది అక్కణ్నుంచే. చెల్లెలూ పిల్లలూ నిన్న సాయంత్రం మా ఇంటికి వచ్చేశారు. అంతకు గంట ముందు ఫోన్ చేసి, వచ్చేయమని బతిమాలాను.

“మావయ్య పోయి నీకు పూనేడేటన్నయ్యా? ఏరు ఇంకా ఆ దూరాన్నే ఉన్నాది” అని నవ్వింది. అంతలోనే నవ్వు ఆపింది. “ఒక్కటే... బాత్రూంలో నీళ్లు పోయే కన్నం లోంచి ఏటో సప్పుడొస్తంది. ఉండు, ఇను.”

ఫోను కిందకి దించింది. అడుగునెక్కడో ఎవరో గుటకలు వేస్తున్నట్టు, బుడ బుడ బుడ.