యేసయ్యకు మొక్కిన మేకపిల్ల

మా చిన్నప్పుడు... బోధన్‌లో ఒక గుడ్ ఫ్రైడే పొద్దున మా అవ్వ మేకపిల్లను తోలుకుని చర్చికి బయలుదేరింది. నవ్వకండి... ఆమెకు అది మనవరాలి ప్రాణానికి సంబంధించిన పని.

ఆ మనవరాలిని నేనే. టైఫాయిడ్‌తో మంచానికి అతుక్కుపోయి ఉంటే, అవ్వ బీడీలు చుడుతూనే మొక్కుకుంది... "యేసయ్యా, పిల్ల లేస్తే నీకు యాటనిస్త" అని, అంటే మేకను బలిస్తానని. మేం చర్చికి పోవడం అప్పుడప్పుడే మొదలైంది. దేవుడు కొత్త... మొక్కు మాత్రం పాతదే.

నేను లేచాను. ఆ మేకపిల్లకు చెరుకాకు మేపింది కూడా నేనే. నా వెనకే తిరిగేది, లంగా అంచు నమిలేది. చర్చి దాకా ఏడుస్తూనే నడిచాను.

"ఊకో బిడ్డా! మొక్కు తప్పితే జ్వరం మల్ల నిన్నే పట్టుకుంటది" అని అవ్వ నా రెక్క గట్టిగా పట్టుకుంది.

చర్చి మెట్ల దగ్గర చెంబుతో మేక మీద నీళ్లు చల్లింది. ఒళ్లు విదిలిస్తే దేవుడు ఒప్పుకున్నట్టని మా దగ్గర నమ్మకం. మేక విదిలించింది! "ఒప్పుకున్నడు!" అని అవ్వ దండం పెట్టింది. నేను మేక మెడను వాటేసుకున్నాను.

అంతలో పాస్టరు గారు బయటికొచ్చారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. సంగతి విని కోప్పడలేదు... మెట్టు మీద కూర్చున్నారు.

"అవ్వా, ఇవాళ ఎందుకొచ్చాం? ఆయన మనందరి కోసం తనే బలైపోయిన రోజనే కదా. ఆ పని పూర్తయిపోయిందమ్మా. ఇక మనం ఇవ్వాల్సిన బలి ఏమీ మిగల్లేదు."

"మరి పిల్లకు మల్ల జ్వరమొస్తే?"

"వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం. మేకనివ్వలేదని పగబట్టేవాడైతే తన ప్రాణం ఎందుకిస్తాడు?"

అవ్వ కొంగుతో మేక ఒళ్లు తుడవసాగింది. "గంతేనా అయ్యగారూ... అంతా అయిపోయినట్టేనా?" అంటూ చిన్నపిల్లలా ఏడ్చేసింది. తాడు నా చేతిలో పెట్టింది.

యాటకూర మీద ఆశ పెట్టుకున్న మా చిన్నమామ ఒక్కడే ఆ రోజు మొహం మాడ్చుకున్నాడు!

ఇప్పుడు అవ్వ లేదు. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ మూతబడి దాని కూతా లేదు... చెరుకు బండ్ల వెనక ఉరికే పిల్లలూ లేరు. నా కొడుక్కి ఒళ్లు కాలితే మాత్రం ఇంత చదువుకున్న నా నోరూ ఏదో ఒకటి మొక్కబోతుంది. అప్పుడు అవ్వ గొంతు వినిపిస్తుంది... "ఇచ్చుడు ఎన్నడో అయిపోయింది బిడ్డా. పిల్లగానికి జ్వరం గోలియ్యి."

మా మేక మా వాకిట్లోనే ముసలిదైంది. మీ ఇంట్లోనూ అట్లా బతికి బయటపడ్డది ఏదైనా ఉంటే చెప్పండి... అవ్వ తరఫున వింటాను.