ధర్మసాగర్ కట్ట తెగిందన్న రోజు

కిందటి వానాకాలం, పట్టపగలు. కాజీపేటలో మా వీధి ఫోన్లన్నింటిలోకీ ఒకే కబురు వచ్చిపడింది. ధర్మసాగర్ చెరువు కట్ట తెగిందట, నీళ్లు మన మీదికే వస్తున్నాయట. పక్కింటి యాదగిరి బాలింత కూతుర్నీ పసిగుడ్డునూ జోరువానలో ఆటో ఎక్కిస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయి అడ్డంగా నిలబడ్డాను.

“తెగంగ ఎవలు చూసిండ్రు?”

“గ్రూపుల వచ్చింది చాచా. జర జరుగు.”

“ఇసొంటి కబుర్లు పుట్టించెటోళ్లను అరబ్బీల ముర్జిఫ్ అంటరు. అంటే వణికించెటోడు. ఎనుకట, మనోళ్లు లడాయిల ఓడిండ్రని ఊళ్లె బెదురు పుట్టించెటోళ్లకు పెట్టిన పేరది.”

“నీ పాఠం తర్వాత చెప్పు. పోరి తడుస్తాంది.”

వెంటనే కట్ట పక్కనే ఉండే మా చెల్లెలికి వీడియో కాల్ చేశాను. గొడుగు పట్టుకుని కట్టెక్కి మొత్తం చూపించింది. “తెగితే నేనేడ నిలబడ్డ మరి భయ్యా?”

యాదగిరి కూతుర్ని దించి ఇంట్లోకి పంపాడు. తర్వాత ఫోన్ చూసుకుంటూ గొణిగాడు. “నేను సుత చుట్టాలందరికి పంపిన చాచా.”

అతను అక్కడే నిలబడి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అది అబద్ధమని చెబుతుంటే, అతని మీద నా గొడుగు పట్టాను. నేను బడి మొహం చూడకుండా సొంతంగా నేర్చుకున్న ఆ ముర్జిఫ్ అన్న మాట, కావాలని బెదిరించేవాడికి పెట్టిన పేరు. బెదిరిపోయి పంపినవాణ్ని ఏమనాలో మాత్రం నాకు ఇప్పటికీ ఎక్కడా దొరకలేదు.