బంతి లేని వాలీబాల్

మా బావ లోకనాథం స్మాష్ కొడితే ఏం జరిగేదో చెబితే మీరు నమ్మరు. నమ్మకపోతే నష్టం మీకే. ఇచ్ఛాపురం టోర్నమెంటులో ఆయన ఎగిరి కొట్టిన బంతి అవతలి కోర్టులో పడి, అక్కణ్ణించి లేచి, సరిహద్దు దాటి ఒడిశాలో పడింది. దాన్ని తెచ్చి ఇచ్చిన మనిషికి తెలుగు ఒక్క ముక్క రాదు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సోంపేట దగ్గర ఇంకో ఆటలో బంతి కొబ్బరిచెట్టుకు తగిలి గెల మొత్తం రాలింది. ఆట ఆపి రెండు జట్లూ బోండాలు తాగాం. ఇందులో కాస్త అటూ ఇటూ ఉండొచ్చు గాని, బావ ఎడమ చేత్తో కొట్టేవాడన్నది మాత్రం అచ్చమైన నిజం. ఎదుటివాళ్లు కుడిచేతి దెబ్బకి కాచుకుని నిలబడేవారు. బంతి రెండో వైపు నుంచి వచ్చి వాళ్ల కాళ్ల మధ్య పేలేది.

నేను ఆయన జట్టులో లిఫ్టర్‌ని. వల దగ్గర నిలబడి, ఆయన కొట్టడానికి వీలుగా బంతిని పైకి లేపడం నా పని. ఇంటర్ మధ్యలోనే చదువు నన్ను వదిలేసింది కాని, లిఫ్టింగ్‌లో పరీక్ష పెట్టి ఉంటే ఈపాటికి ఏదో ఒక కాలేజీలో ప్రిన్సిపాల్‌నై ఉండేవాణ్ణి. దేశం పోగొట్టుకున్నవాటిలో నేనొకణ్ణి. ఇప్పుడు కాశీబుగ్గలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాను.

బావది సోంపేటకు తూర్పున, సముద్రం హోరు వినబడే ఊరు. కొబ్బరి, జీడిమామిడి తోట ఉంది. మా ఉద్దానంలో ఎందరికో వచ్చిన జబ్బే ఆయనకీ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు బస్సెక్కి పలాస వచ్చి డయాలసిస్ చేయించుకుని పోతాడు. దాని కోసం ఎడమ చేతి మణికట్టు పైన రక్తనాళాలు రెండు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు. సూదులు అక్కడే గుచ్చుతారు. వేలు పెట్టి చూస్తే లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు గుయ్యిమంటుంది. ఆ గుయ్యిమనడం ఆగితే కష్టం. అందుకని ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి గడియారం కూడా కట్టకూడదు, దెబ్బ తగలనివ్వకూడదు. మా అక్క ఇందుమతి పొద్దున్నే లేచి, కాఫీ కంటే ముందు మొగుడి చేతిమీద చెవి పెట్టి వింటుంది.

వాలీబాల్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఆయన ఊళ్లో బడి పక్కనే కోర్టు. సాయంత్రం అక్కడ బంతి చప్పుడు మొదలయ్యేసరికి బావ తోట చివరికి పోతాడు. ఆ వేళప్పుడు జీడిచెట్లతో పనేమిటని ఒకసారి వెనకాలే వెళ్లాను. చెట్ల మధ్య నిలబడి ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తి, దించి, మళ్లీ ఎత్తుతున్నాడు. నన్ను చూసి, కొమ్మమీద పిట్టగూడు చూస్తున్నానన్నాడు. అబద్ధమాడాలంటే నా దగ్గర రెండేళ్లు శిష్యరికం చెయ్యాలి ఆయన. ఆయనకి కావలసింది ఒక్కటే అని ఆ రోజు నాకు తెలిసిపోయింది. ఎడమ చేత్తో ఎగిరి కొట్టాలి. ఒక్కసారి చాలు.

అందుకే ఆ ఆటపెట్టె తీసుకెళ్లాను. భావనపాడు రేవులో ఒక జపాన్ ఓడ కెప్టెన్ నా పనితనం మెచ్చి దాన్ని బహుమతిగా ఇచ్చాడని కాశీబుగ్గలో చాలామంది నమ్ముతున్నారు. నమ్మనివ్వండి. విశాఖలో పాత సామాన్ల కొట్టు సంగతి మనమధ్యే ఉండనివ్వండి. టీవీకి తగిలించే చిన్న పెట్టె, దానితోపాటు అరచేతిలో ఇమిడే రిమోట్లు రెండు. బటన్లు నొక్కి చచ్చే పని లేదు. రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే తెరమీది బొమ్మ కూడా ఊపుతుంది. టెన్నిస్, బౌలింగ్, బాక్సింగ్, ఇంకా ఏవేవో ఆటలున్నాయి. డయాలసిస్ లేని రోజు చూసుకుని, మధ్యాహ్నం బండిమీద బయల్దేరాను.

నేను తీగలు తగిలిస్తుంటే అక్క ఒక రిమోట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటిరా మనోహరూ ఇది, సబ్బుబిళ్ళా?"

"సబ్బు కాదే అక్కా, బ్యాటు."

"ఇది బ్యాటా? ఓలమ్మా! ఎలకని కొట్టడానికైనా సాల్దు."

బావ మంచంమీద గోడకి చేరబడి నవ్వాడు. "మీ తమ్ముడు తెచ్చిన వస్తువు ఏదైనా ఎలక కన్నా సిన్నదే ఉంటాది, మాటలే ఏనుగులు."

మొదట బౌలింగ్ పెట్టాను. అవతల సీసాల్లాంటివి నిలబెట్టి ఉంటాయి, బంతి దొర్లించి వాటిని పడగొట్టాలి. అక్క చీర కొంగు దోపుకుని, తోటలో కొబ్బరికాయని కుప్ప దగ్గరకి దొర్లించినట్టే వంగి చెయ్యి ఊపింది. సీసాలన్నీ పడిపోయాయి. తెరంతా రంగుకాగితాలు రాలాయి. అక్క కెవ్వుమంది.

"నానే పడగొట్టానేటి?"

"నువ్వే. టెన్నిస్ కూడా చూడు."

టెన్నిస్ వడియాలమీద కాకిని తోలినట్టు ఆడింది. అందులోనూ గెలిచింది. బాక్సింగ్ పెడితే తెరమీది మనిషిని వదిలేసి నామీదకి వచ్చింది. చిన్నప్పటి బాకీలన్నీ ఆ మధ్యాహ్నమే తీర్చుకుంది. బావ కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత తెరకేసి చూసి అన్నాడు:

"అదేట్రా, ఆ బొమ్మకి సేతులే నేవు. పంజాలొక్కటే గాల్లో తేలతన్నాయి."

నిజమే. బొమ్మలకి తల, మొండెం ఉన్నాయి. భుజం నుంచి మణికట్టు దాకా ఏమీ లేదు. ఆ చివర గుండ్రటి పంజా.

"అదృష్టవంతుడు," అన్నాడు బావ. "సూదులెక్కడ గుచ్చుతారు ఆడికి?"

నేను ఏమీ ఎరగనట్టు ఆటల పట్టీ జరుపుకుంటూ పోయి వాలీబాల్ దగ్గర ఆపాను. తెరమీద ఇసక కోర్టు, వల, ఎండ కనిపించాయి. బావ నవ్వు ఆగిపోయింది. కాసేపు చూసి, మంచం దిగి వచ్చి రిమోట్ కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి కుడిదే.

అప్పుడు ఆ పెట్టె ఒక ప్రశ్న అడిగింది. తెరమీద రెండు బొమ్మలొచ్చాయి. నువ్వు కుడిచేతి ఆటగాడివా, ఎడమచేతి ఆటగాడివా అని.

బావ అలాగే నిలబడిపోయాడు. ఎందుకో నాకు తెలుసు, అక్కకీ తెలుసు. మీకు చెప్పాలి.

ఆయన తల్లి పేరు పెద్దతల్లి. పుట్టు ఎడమచేతివాటం కొడుకుని పట్టుబట్టి కుడిచేతికి మార్చింది. అన్నం, రాత, ఎవరికైనా ఏదైనా ఇవ్వడం, పుచ్చుకోవడం, అన్నీ కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి ముందుకొస్తే గరిటెతో వేళ్లమీద వేసేది. ఒక్క వాలీబాల్ కోర్టు దాకా మాత్రం ఆమె గరిటె రాలేకపోయింది. తర్వాత ఎన్నో ఏళ్లకి, ఫిస్టులా పెట్టే ముందు డాక్టరుగారు అడిగారు, ఏ చేతివాటం అని. ఎక్కువ వాడని చేతికి పెడితే మంచిదని ఆయన ఉద్దేశం. పెద్దమనిషి, తెల్లకోటు, చుట్టూ నర్సమ్మలు. అంతమంది ముందు ఎడమ చెయ్యి పేరెత్తడానికి మా బావకి నోరు రాలేదు. కుడి చెయ్యి చాపి, "ఈ సెయ్యే బాబూ, అన్నం తినేది ఈ సేత్తోనే," అన్నాడు. డాక్టరుగారు సరేనని రెండోదాన్ని ఎంచారు. ఆయన తప్పేం లేదు. అడగాల్సింది అడిగారు. మర్యాదకి పోయి చెయ్యి పోగొట్టుకోవడం మా ఊళ్లవాళ్లకే చేతనవుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్న మళ్లీ వచ్చింది. అడుగుతున్నది పెట్టె. దానికి తెల్లకోటూ లేదు, గరిటా లేదు.

"ఎడం," అన్నాడు బావ.

"మావా!" అంది అక్క. ఆయన మేనమామ కొడుకు ఆవిడకి, మొదటి నుంచీ అదే పిలుపు. "ఆ సెయ్యి ఒగ్గీ. నిన్ననే కదా సూదులు ఏసినారు."

"బరువేటి నేదు కదే. నువ్వే అన్నావు, సబ్బుబిళ్ళని."

"ఆ తాడేటి మరి?"

రిమోట్ జారిపోకుండా మణికట్టుకి వేసుకునే తాడు ఉంటుంది దానికి. అక్క దాన్ని పాముని చూసినట్టు చూసింది. ఆ చేతికి గాజు వెడల్పు రబ్బరుముక్క తగిలినా ఒప్పుకోదు ఆవిడ.

చివరికి డయాలసిస్ సెంటర్లో పనిచేసే అపర్ణ సిస్టర్‌కి ఫోన్ చేశాను. నేను చెప్పేదంతా విని ఆమె నవ్వింది. "బరువు లేనిదైతే ఊపొచ్చు. ఆ చేతికి ఏదీ బిగించకండి, గోడకీ మంచానికీ తగలనివ్వకండి. ఆయాసం వస్తే కూర్చోబెట్టండి. మనోహర్ గారూ, మీ మాటలు విని ఆయన ఎగిరి సోంపేటలో పడతారేమో, చూసుకోండి."

అక్క లోపలికి వెళ్లి కొబ్బరితాడు పోగు ఒకటి, సన్నటిది చూసి తెచ్చింది. ఒక కొన రిమోట్‌కి, రెండో కొన బావ చొక్కా గుండీకి కట్టింది, చేతికి ఎక్కడా తగలకుండా. మంచం మూలకి లాగేసింది. స్టూలు బయట పెట్టింది. తను గుమ్మంలో నిలబడింది.

ఆట మొదలైంది. నేను ఆయన జట్టులోనే చేరాను, రెండో రిమోట్‌తో. బంతి వచ్చింది. నేను లేపాను. బావ గోడ దాకా వెనక్కి పోయి, చేతులు రెండూ వెనక్కి ఊపి పరిగెత్తుకొచ్చాడు. ఎగిరింది బెత్తెడే. కాని ఆ నడుము విరుపు, ఆ భుజం వెనక్కి పోవడం అచ్చం అప్పటివే. ఇరవై ఏళ్లనాటి లోకనాథం హాల్లో దిగాడు.

తెరమీద ఆయన బొమ్మ మాత్రం ఎప్పుడో ఎగిరి, ఎప్పుడో దిగిపోయింది. బంతి దాని నెత్తిమీంచి పోయి ఇసకలో పడింది.

"ఏటయినాది?"

"నువ్వు చెయ్యి ఊపగానే అది ఎగిరిపోతుంది బావా. పరిగెత్తనక్కర్లేదు. బంతి పైకెళ్లాక ఇలా అను." మణికట్టు చిన్నగా ఎత్తి దించి చూపించాను. మా కొట్టుకి వచ్చే కుర్రాళ్లు కుర్చీలో కూర్చుని, పల్లీలు తింటూ అలాగే గెలుస్తారు.

"అంతేనా?"

"అంతే."

మళ్లీ పరిగెత్తుకొచ్చాడు. మళ్లీ పోయింది. ఇంకోసారీ అంతే. ఆ తర్వాత ఆయన ఉన్నచోటే నిలబడి, నేను చూపించినట్టు, ఈగని తోలినట్టు మణికట్టు కదిపాడు. తెరమీద బొమ్మ గాల్లోకి లేచి బ్రహ్మాండంగా కొట్టింది. బంతి దూసుకుపోయింది. ఢామ్మని చప్పుడు, చప్పట్లు, రంగుకాగితాలు.

"కొట్టీసావు మావా!" అంది అక్క.

బావ ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "సప్పుడు ఆ టీవీకి అయినాదే. నా సేతికి అవ్వలేదు."

"పాయింట్ నీదే బావా, చూడు."

"నాదెలాగవుతాది? ఎగిరినోడు ఆడు. కొట్టినోడు ఆడు. నాను కూరలో ఉప్పేసినట్టు ఏల్లు కదిపాను." కొంచెం ఆయాసపడుతున్నాడు. అక్క ఒక అడుగు ముందుకేసింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "ఆ సప్పుడు ఆపీరా ముందు."

టీవీ గొంతు నొక్కేశాను. హాలు నిశ్శబ్దమైపోయింది. తోటలో ఎవరో మట్టలు లాగుతున్న చప్పుడు, అవతల సముద్రం. ఇక పెట్టె కట్టేసి సర్దుకోవడమే అనుకున్నాను. కష్టపడి తెచ్చినందుకు నామీద నాకే జాలేసింది.

"ఇది ఇప్పీయే," అన్నాడు బావ అక్కతో, చొక్కా గుండీ చూపించి. ఆవిడ ముడి విప్పింది. రిమోట్ కిటికీలో పెట్టింది. బావ ఖాళీ చేత్తో గోడ దాకా వెనక్కి నడిచాడు.

"నువ్వక్కడ నిలబడు. టీవీ పక్కన. అదే వల."

నిలబడ్డాను.

"ఎయ్యి."

"ఏటి?"

"బంతిరా. ఎయ్యి మరి, సూత్తావేటి?"

నా చేతులు వాటంతటవే లేచాయి. వేళ్లు పది విచ్చుకున్నాయి. మోకాళ్లు వంచి, పైన ఫ్యాను దాకా, ఏమీ లేనిదాన్ని మెత్తగా లేపాను. బావ వచ్చాడు. అడుగు, అడుగు, రెండు చేతులూ వెనక్కి, నడుము విల్లులా. ఎడమ చెయ్యి పైనుంచి కిందకి దిగింది. గాలి కొంచెం నా ముఖానికి తగిలింది. ఈ ఒక్క మాటా అబద్ధం కాదు.

దిగి, రొప్పుతూ, నాకేసి కోపంగా చూశాడు.

"ఎత్తు సాల్లేదు."

"ఏటి బావా నువ్వనేది! సమానంగా ఏసాను. జిల్లాలో నాలాటి లిఫ్టరు—"

"జానెడు తక్కువ ఏసావు. అందుకే వలకి తగిలినాది."

నేను సాయం కోసం అక్క వైపు తిరిగాను. ఆవిడ గుమ్మంలో కొబ్బరితాడు పోగు వేలికి చుట్టుకుంటూ, ఫ్యాను వైపు చూస్తోంది.

"నిజవేరా," అంది. "తక్కువే ఏసావు."

"ఇద్దరూ ఒకటే!"

"కూకో మావా, కాసేపు ఊపిరి తీసుకో," అంది అక్క. ఆయన కూర్చోలేదు. గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటూ, ఎడమ అరచేతిని తొడకి ఒకసారి తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు. కోర్టులో సర్వీసు ముందు అలాగే చేసేవాడు. టీవీలో మా జట్టు చప్పుడు లేకుండా చిత్తుగా ఓడిపోతోంది. అవతలి బొమ్మలు ఎగిరెగిరి గంతులేస్తున్నాయి. ఎవరమూ అటు చూడలేదు.

"ఎత్తుగా ఎయ్యి," అన్నాడు బావ.

ఈసారి మోకాళ్లు ఇంకొంచెం వంచాను.