ఇసుర్రాయి కసరత్తు

ఎనభైల మొదట్లో నేను జహీరాబాద్‌లో ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచర్ని. మా బడి వెనక వీధిలో ఊరి వ్యాపారులు కలిసి నడిపే వృద్ధాశ్రమం ఉండేది. దాని మేనేజరు ఒకరోజు నన్ను ఆపి, "టీచరమ్మా, పొద్దంత కూసునే ఉంటున్రు. జర కాళ్లుచేతులు ఆడిపియ్యున్రి" అని అడిగాడు.

మర్నాడు ఉదయం బడికి ముందు వెళ్లాను. పిల్లలకు చెప్పినట్టే "చేతులు పైకి" అన్నాను. ఒక్క చేయీ లేవలేదు. న్యాల్‌కల్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రం నవ్వింది. "బతుకంత ఇసుర్రాయి తిప్పిన బిడ్డా. నాకెందుకు కసరత్తు?"

"ఎట్లా తిప్పేవారు?" అని నేల మీద కూర్చుని, లేని తిరగలిని తిప్పి చూపించాను.

"గట్ల కాదు! చేతితోని కాదు, నడుముతోని తిప్పాలె." చాప మీదికి వచ్చి ఒక కాలు చాపింది. ఆమె ముందుకూ వెనక్కీ ఊగుతుంటే పక్కవాళ్లూ మొదలుపెట్టారు. అప్పుడే గమనించాను, ఆమె కుడిచేయి భుజం దాటి లేవదు. తల కూడా అక్కడి ఆయానే దువ్వేది. దవాఖానలో డాక్టరును అడిగితే, రోజూ మెల్లగా కదిలించమనీ, నొప్పి పుడితే ఆపమనీ చెప్పాడు.

తర్వాత ఆశ్రమంలోనే ఉండే ఝరాసంగం రైతు ఒకాయన విత్తనాలేసే నడక నేర్పాడు. రెండుసార్లు పడ్డప్పటి నుంచి ఆయనకు అడుగేయాలంటే భయం. కుర్చీ వీపు పట్టుకుని, ఒక కాలి మడమను రెండో కాలి వేళ్ల ముందు ఆనిస్తూ, సాలు తప్పకుండా నడిచేవాడు. మిగతావాళ్లు ఆయన వెనకే.

నెల తిరక్కుండానే తప్పు చేశాను. చందాలిచ్చే పెద్దలు చూడవస్తున్నారని తెలిసి, గొప్పగా కనిపించాలని వేగం పెంచాను. వాళ్లొచ్చిన రోజు అందరి ముందు పెద్దమ్మ చేయి పట్టుకుని పైకెత్తాను. ఆమె కెవ్వుమంది. మూడు రోజులు చాప దగ్గరికి రాలేదు.

నాలుగో రోజు ఆమె మంచం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. "తప్పయింది పెద్దమ్మా. నొప్పి తగ్గిందా?"

"నొప్పికి ఫికర్ లేదు. పదిమంది ముంగట మమ్ముల సర్కస్ జేసినవు. గదే మనసుల పడ్డది."

ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "రేపటి సంది ఒకటి, రెండని లెక్క నేను వెడత. నువ్వు నా ఎనుక జెయ్యి."

అలాగే జరిగింది. ఆమె లెక్క నిదానంగా ఉండేది. ఎవరికైనా ఆయాసం వస్తే అందరూ ఆగేవాళ్లు. వానాకాలం వెళ్లేసరికి రైతు కుర్చీ వదిలి వరండా చివరిదాకా నడిచాడు. దసరా ముందు ఒక ఉదయం పెద్దమ్మ ఆయా చేతిలోంచి దువ్వెన లాక్కుని, తన కొప్పు తానే ముడుచుకుంది. కొప్పు కాస్త పక్కకు ఒరిగినా ఎవర్నీ సరిచేయనివ్వలేదు.

ఆ పెద్దలు మళ్లీ వచ్చారు. ఈసారి పెద్దమ్మ ఊరుకోలేదు. "నిలవడి సూసుడేంది? మీరు గూడ కూసోన్రి" అంది. తెల్లని ధోవతులు సర్దుకుంటూ వాళ్లు, వాళ్ల వెనకే మేనేజరు చాప మీద కూలబడ్డారు. పది లెక్కకే మేనేజరు నడుము పట్టుకున్నాడు.

"మెల్లగ, బిడ్డా," అంది ఆమె, "తొందరేం లేదు."