కొలవకుండా రాసిన అంకె

మా సార్ పోయారని నిన్న వాళ్ళమ్మాయి కాకినాడ నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ దోహాలో ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. అప్పటివాళ్ళంతా వెళ్ళిపోయారు. ఆయన్ని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ప్రపంచ కప్ కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజుల్లో, అల్ సద్‌లోని ఒక స్కానింగ్ సెంటర్లో ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. రోగికి ఎక్కించే రేడియేషన్ మందును ముందు ఒక యంత్రంలో కొలుస్తాం. ఆ యంత్రం నిజం చెబుతోందో లేదో రోజూ పొద్దున్నే చూడాలి. ఎంత రేడియేషన్ ఉందో ముందే తెలిసిన సీజియం సీసాను అందులో దించితే, రావాల్సిన అంకె రావాలి. అప్పుడే పుస్తకంలో రాయాలి. "యంత్రం మీద గౌరవం ఉండొచ్చు గానీ మొహమాటం ఉండకూడదోయ్" అనేవారు. మనుషుల దగ్గర మాత్రం ఆయనకు అంతా మొహమాటమే. గదిలో ఒక్కరే ఉండేవారు. శుక్రవారం నన్ను భోజనానికి పిలిచి, నేను వెళ్ళేలోపు "ఇబ్బందైతే వద్దులే" అని నాలుగుసార్లు ఫోన్ చేసేవారు.

ఒకరోజు బద్ధకించి, సీసా దించకుండానే ముందురోజు అంకె రాసేశాను. మొదటి రోగి మా జగిత్యాల వైపు మేస్త్రీ, బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంప్ నుంచి వచ్చాడు. సిరంజిని కొలిచిన సార్ ఆగిపోయారు.

"ఇంత కాస్త మందుకి ఇంత అంకె రాదే."

ఒక్కో మందుకు ఒక్కో మీట ఉంటుంది; చూస్తే యంత్రంలో వేరే మందు మీట నొక్కి ఉంది. ఆయన పుస్తకం తెరిచి నా అంకె చూశారు. "పొద్దున సరిగ్గానే ఉందిగా. మధ్యలో నా చెయ్యే తగిలి ఉంటుంది."

నేను సీసా దించి ఉంటే ఆ తేడా పొద్దున్నే బయటపడేది. యంత్రాన్ని సరిచూసి, ఇంజక్షన్ ఇచ్చి, స్కాన్ ముగించేసరికి కంపెనీ బస్సు వెళ్ళిపోయింది.

"బస్సు పోయింది సార్. ఇంక క్యాంప్‌కు ఎట్ల పోవాలె?" అన్నాడు మేస్త్రీ.

"ఆలస్యం నా వల్లే అయింది. టాక్సీ ఎక్కిస్తాను, పదండి" అన్నారు సార్.

తర్వాత చాలా శుక్రవారాలు ఆయన చేతివంట తిన్నాను. చెబుదామనుకుంటూనే మజ్జిగ పోసుకుని లేచేవాణ్ణి. తప్పు తనదేననుకుని పోయారు ఆయన.

మందు ఎక్కించిన మనిషికి మేం కాస్త ఎడంగా ఉండాలి. ఆ మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. ఎండలో, రోడ్డు పక్కన, సార్, మేస్త్రీ ఇద్దరూ దూరదూరంగా నిలబడి, క్రేన్ల మోతలో వినబడేలా గట్టిగా మాట్లాడుకుంటున్నారు. టాక్సీ ఎంతకీ రాలేదు. సార్ చేతిరుమాలు తలమీద వేసుకున్నారు. అక్కడ నిలబడాల్సింది నేను.