చిన్న ఊపిరి

కూత పెట్టే ముందు కుక్కర్ ‘ఫుస్’మని ఆవిరి వదులుతుంది. ఆ చప్పుడు వినగానే, సూరత్ భేస్తాన్‌లోని ఈ వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోతుంది. నిర్మలా మేడం గుర్తొస్తారు.

సూరత్ దగ్గరి సముద్రంలో డాల్ఫిన్ల కాన్పుల మీద ఆవిడ పరిశోధన. ఫోటోలు తీసే పని నాది. ఈ ఊళ్లోనే, గోడాదరాలో మగ్గాల మోత మధ్య పెరిగిన నాకు నిశ్శబ్దం నేర్పింది ఆవిడే. ఇక్కడి నీళ్లు బురద, జానెడు లోతు కూడా కనిపించదు. అందుకే డాల్ఫిన్ల గుంపు కనబడగానే ఇంజిన్ ఆపించి, కళ్లు మూసుకుని వినమనేవారు. ముందు తల్లిది పెద్ద ఊపిరి, వెంటనే పిల్లది చిన్న ఊపిరి. ఆ రెండోది వినపడితే “ఉన్నదే, బంగారం!” అంటూ నా వీపు మీద చరిచేవారు. ఆ దెబ్బకు కెమెరా నీళ్లలో పడకుండా పట్టుకోవడమే నా ఉద్యోగంలో సగం పని.

నా మొదటి బిడ్డ నెల తిరగకుండానే చనిపోయింది. కడుపుతో ఉండి పడవల మీద ఊగినందుకే అంది అత్తమ్మ. నేనూ నమ్మాను. పని మానేస్తానని చెప్పడానికి వెళ్తే మేడం నన్ను పడవెక్కించారు.

“తెగిన రెక్క డాల్ఫిన్ యాదికున్నదా? దాని తొలి పిల్ల గూడ సచ్చిపాయె. వీటిల్ల తొలి పిల్లలు చానా పోతయి. నీళ్లల్ల కలిసిన విషం తల్లి ఒంట్ల ఏండ్లసంది పేరుకుంటది, పాలల్ల తొలి పిల్లకు పోతది. దాంట్ల తల్లి తప్పేందే?”

“మరి నా బిడ్డ, మేడం?”

“నాకు తెల్వది. డాక్టర్‌కే ఎర్క లేదు, మీ అత్తకెట్ల ఎర్క?”

చాలా రోజుల తర్వాత ఆ మాటకే నవ్వాను. పని మానలేదు. కానీ మళ్లీ కనాలంటే మాత్రం వణుకు.

తెగిన రెక్క మళ్లీ ఈనింది. వానాకాలం వెళ్లాక వెతుక్కుంటూ పోతే ఒంటరిగా తేలింది. పెద్ద ఊపిరి ఒక్కటే వినిపించింది. “ఇదీ పోయింది మేడం” అని బావురుమన్నాను.

“జర ఆగు. పిల్లను చిన్నమ్మ దగ్గర ఇడిసి చేపలకొచ్చిందేమో. తొందరపడి నువ్వే సంపకు.”

చాలాసేపు కూర్చున్నాం. దూరంగా ఇంకో ఆడ డాల్ఫిన్ తేలింది. దాని పక్కనే చిన్న ఊపిరి. ఈసారి నేనే మేడం వీపు మీద చరిచాను.

మా అమ్మాయి పుట్టినప్పుడు ఆవిడ ఆస్పత్రికి వచ్చి, ఉయ్యాల మీదికి వంగి కళ్లు మూసుకున్నారు. కాసేపటికి “ఉన్నదే, బంగారం!” అన్నారు. ఆవిడకు నేనెంత రుణపడ్డానో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుదామంటే ఆవిడ లేరు.

స్టవ్ ఆపేశాను. బడి నుంచి వచ్చిన మా అమ్మాయి ముందుగదిలో పడి నిద్రపోతోంది. మెలకువలో ఉంటే “ఇంత పెద్దయ్యాక గూడ ఏందమ్మా ఇది?” అని విసుక్కునేది. నేను దాని పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాను. వినపడేదాకా కదలను.