ఆనందక్క ‘చాలు’ అంటే

ఢిల్లీ పక్కన మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్లో ఎదురింటి ఆనందకుమారి నర్సు. సొంతూరు నర్సాపురం. ఢిల్లీ ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి హిందీలోనే సూదులు వేసింది, హిందీలోనే డాక్టర్లకు గడ్డి పెట్టింది. కోపం హద్దు దాటితే మాత్రం ఆమె నోట్లోంచి నర్సాపురమే వస్తుంది. ఈ గొడవంతా ఆ అలవాటు తెచ్చిపెట్టిందే.

రెండు వేల ఐదులో సంగతి. వాళ్ల చర్చిలో ప్రేమవిందుకు పంజాబీవాళ్లూ వస్తారు. వాళ్లకు రొట్టెలు కావాలి. మనవాళ్లు ఒత్తిన రొట్టెల్లో ఏ జిల్లా పటమైనా దొరుకుతుంది గానీ గుండ్రం దొరకదు. సరిగ్గా అప్పుడే టీవీలో రొట్టెల మిషను ప్రకటన వచ్చింది. ఉండ పెట్టడం, మూత నొక్కడం, పొంగిన రొట్టె తీసుకోవడం. నచ్చకపోతే నెలలోపు డబ్బు వాపసు.

స్త్రీల సమాజం డబ్బుతో ఆనందక్క దాన్ని తెప్పించింది. కార్యదర్శి కెరెన్ సన్నాయి నొక్కులు నొక్కింది. దాంతో అక్కకు పౌరుషం వచ్చింది.

“బాగోపోతే వాపసు తెచ్చే పూచీ నాది. తేలేకపోతే ఈ సమాజంలో మళ్లీ నోరెత్తను!”

ఆనందక్క నోరెత్తకపోవడం! ఆ మాట విని కెరెన్ ముఖం వెలిగిపోయిందట.

మొదటి ఉండ మూత నొక్కగానే పక్కనుంచి జారి గోడకు అతుక్కుంది. రెండోది పెంకు అయింది. అక్క భర్త జీవరత్నం గారు ప్రార్థన చేసి తిన్నారు, తిన్నాక మళ్లీ ప్రార్థన చేశారు.

అక్క కంపెనీకి ఫోన్ చేసింది. మర్నాడు వాళ్లే ఫోన్ చేసి, ‘మీ ఫిర్యాదు పరిష్కారమైంది, ధన్యవాదాలు’ అన్నారు. మళ్లీ చేసింది. మళ్లీ ధన్యవాదాలు. నాకు ఫోన్లో పాటలు వినిపించే కంపెనీలంటే ఒళ్లు మంట. ఈసారి నేనే పక్కన కూర్చుని స్పీకర్ పెట్టించాను.

అక్క రామాయణమంతా హిందీలో చెప్పింది. గోడ సంగతి, జీవరత్నం గారి దవడ సంగతి, అన్నీ. అంతా విని ఫోన్లో కంపెనీ పిల్ల తీరిగ్గా అడిగింది.

“మషీన్ చాలూ హై, మేడమ్?”

అక్క కుర్చీలోంచి లేచింది. “చాలు తల్లీ, చాలు! మీకో దణ్ణం, మీ మిషనుకో దణ్ణం!”

“అచ్ఛా, చాలూ హై. థ్యాంక్యూ మేడమ్.” ఫోన్ పెట్టేసింది.

నేను నవ్వలేక సోఫా మీద వాలిపోయాను. “అక్కా! హిందీలో చాలూ అంటే నడుస్తోందని. మిషను బ్రహ్మాండంగా నడుస్తోందని నువ్వే చెప్పేస్తున్నావు!”

“నాకు తెలీదేంటే లక్ష్మీ? సెలైను చాలూ కరో అని రోజూ నేనే అరుస్తాను.”

“మరి?”

“కోపంలో ఏ చాలో ఎవరికి తెలుస్తాదే!”

తర్వాతి ఫోన్‌కి కోపంలో తెలుగు జారిపోకుండా ఆమె పళ్ల మధ్య ఒక లవంగం పెట్టాను. లవంగం కొరుకుతూనే పరీక్షించడానికి మనిషిని పంపమంది. గడువు ఆఖరి రోజున టై కట్టుకున్న మనిషి ఒకడు కాగితాలతో దిగాడు.

“దీదీ, మీరే ప్రతిసారీ చాలూ అన్నారని ఇక్కడ రాసుంది. ఇప్పుడు డబ్బు వాపసు అంటున్నారు,” అని హిందీలో అని, చిరునవ్వుతో, “ఆప్ బహుత్ చాలూ హో!” అన్నాడు.

హిందీలో ఆ మాటకు జిత్తులమారి అనే అర్థం కూడా ఉంది. అక్క ముక్కుపుటాలు అదిరాయి. నోరు తెరిచింది. అయిపోయింది, ఇప్పుడు మళ్లీ ఆ మాటే అంటుంది, సమాజంలో నోరు శాశ్వతంగా మూతపడుతుంది అనుకుని నేను కళ్లు మూసుకున్నాను.

“బైఠో భయ్యా. ఖానా ఖాకే జానా,” అని తేనె పూసిన గొంతుతో భోజనానికి కూర్చోబెట్టింది అక్క.

అతని కళ్లముందే మిషను పెట్టి రొట్టె కాల్చింది. పళ్లెంలో వేస్తే ఠంగుమంది. అతను మర్యాదకు నమిలాడు. ఇంకోటి వేసింది. చెమటలు పట్టేలా అదీ నమిలాడు. మూడోది పట్టకారుతో తెస్తుంటే రెండు చేతులూ పళ్లేనికి అడ్డం పెట్టాడు.

“బస్ దీదీ! బస్, బస్!”

“వహీ భయ్యా, వహీ!” అక్క గొంతు పై అంతస్తుకు వినపడి ఉంటుంది. “ఆ బస్‌నే మా తెలుగులో చాలు అంటారు! నెల నుంచీ నేను మొత్తుకుంటన్నది అదే!”

నేనది హిందీలోకి మార్చి చెప్పాను. అతను దవడ పట్టుకున్నాడు. నీళ్లు తాగాడు. వాపసుకు సంతకం చేసి, మిషను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. నాకు నిజంగా కళ్లనీళ్లు వచ్చాయి, సంతోషంతోనే.

చెక్కు వచ్చిన ఆదివారం నన్నూ చర్చికి లాక్కెళ్లింది. సమాజం బల్ల మీద చెక్కు పెట్టి, కెరెన్ వంక ఓ చూపు చూసి, గొంతు సవరించుకుంది.

“టీవీలో ఇప్పుడు దోసెల మిషను చూపిస్తన్నారు. నచ్చకపోతే వాపసేనంట. తెప్పిద్దామా?”

సమాజమంతా ఒక్క గొంతుతో అరిచింది.

“చాలు!”

“చాలూ అంటున్నారుగా,” అని ఆనందక్క ఫోన్ అందుకుంది.